బందరు మేడ మీద ఫిరోజాలు

బందరు పేరు చెబితే కొందరికి లడ్డూ గుర్తుకొస్తుంది, కొందరికి కలంకారీ. ఆడవాళ్లలో చాలామందికి మాత్రం చిలకలపూడే. పాండురంగస్వామి గుడి ఉన్న ఆ పేటలో తరతరాలుగా గిల్టు నగలు చేస్తున్నారు. రాగి మీదో ఇత్తడి మీదో పలచగా బంగారం ఎక్కించిన గొలుసులు, గాజులు, వంకీలు, జడబిళ్లలు ఇక్కణ్ణుంచే ఊరూరికీ వెళ్తాయి. ఆడపిల్ల పెళ్లికి అప్పు చేసి బంగారం కొన్న ఇంట్లో కూడా మిగతా పిల్లల మెడలో ఉండేది చాలాసార్లు చిలకలపూడి సరుకే. నేను వెళ్లింది ఆ లోహపు పని చూడటానికి కాదు. ఆ నగల్లో పొదిగే రాళ్లను ఒకావిడ ఇంట్లోనే అచ్చులు చేసుకుని రెసిన్‌తో పోస్తోందని విని, చూద్దామని వెళ్లాను.

ఇలాంటి పని బందరులో చూడటంలో ఒక విశేషముంది. గోల్కొండ రాజ్యానికి సముద్రం మీద తలుపు ఈ ఊరే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో వజ్రాలు తవ్విన 17వ శతాబ్దంలో ఇరాన్ వర్తకులు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఈ రేవులోనే దిగారు. రత్నాల వర్తకుడు తవెర్నియే కూడా ఇక్కడే ఓడ దిగాడు. ఇప్పుడా గనులు లేవు, ఆ రేవూ లేదు. రాళ్ల మీద మోజు మాత్రం ఊళ్లో అలాగే ఉంది.

గది మేడ మీద ఉంది. ఉత్తరం వైపు కిటికీ, గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను, రెండు బల్లలు. ఆవిడ తండ్రి గిల్టు నగలకు మెరుగు పెట్టేవాడట. మెరుగు పెట్టడం అంటే ఏమిటో చిన్నప్పుడే చూసిన కళ్లు ఆవిడవి. ఆ సంగతి బల్ల మీద పరిచిన ప్రతి రాయిలోనూ తెలుస్తోంది. సాయానికి అక్క కూతురు ఉంది, డిగ్రీ చదువుతోంది.

"ముందు రాళ్లు చూస్తారా, అచ్చులు చూస్తారా అండీ?" అని అడిగారావిడ.

అచ్చులే చూస్తానన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. వచ్చినవాళ్లంతా రంగుల దగ్గరికే పోతారట.

పని అంతా అచ్చులోనే ఉందని అక్కడ గంటసేపు కూర్చున్నాక నాకు నమ్మకం కుదిరింది. రెసిన్ ఎవరైనా పోయగలరు, డబ్బా మీద రాసిన కొలత పాటిస్తే చాలు. అచ్చు అలా కాదు. మొదట మూలరూపం కావాలి. ఆవిడ కొన్నిటిని మైనంతో చెక్కుతారు. కొన్నిటికి పాతబడిన గాజు రాళ్లు, కోటు గుండీలు వాడతారు. పెడనలో కలంకారీ అద్దకానికి వాడి పక్కన పడేసిన టేకు అచ్చులు నాలుగైదు కొనుక్కొచ్చారు. వాటిలో మామిడి పిందె ఉన్న ముక్కను చిన్నగా కోసి, దాని మీద పల్చగా వార్నిషు పూశారు. ఎందుకంటే అచ్చు పోసే సిలికాన్‌కు వదిలిపెట్టడం తెలియదు. కర్రలో గీత ఉంటే గీత, వేలిముద్ర ఉంటే వేలిముద్ర, అన్నీ పట్టేస్తుంది. మూలరూపం నిగనిగలాడితే పోతపోసిన రాయి నిగనిగలాడుతుంది, మూలరూపం మాసినట్టుంటే రాయి కూడా మాసే వస్తుంది. అందుకని ఆవిడ మెరుగు పెట్టే పని చాలావరకు రాయి పుట్టకముందే మూలరూపం మీద చేసేస్తారు.

మొదట్లో ఆవిడ దగ్గర అచ్చుల సిలికాన్ కొనడానికి డబ్బుల్లేవు. అద్దాల సందులు పూడ్చే సిలికాన్ ట్యూబు హార్డ్‌వేర్ కొట్లో తెచ్చి, కార్న్‌ఫ్లోర్ కలిపి ముద్ద చేసి, అందులో మూలరూపాన్ని నొక్కేవారు. ఆ ట్యూబులోది గట్టిపడేటప్పుడు ఎసెటిక్ ఆమ్లం వదులుతుంది. వెనిగర్‌లో ఉండేది అదే. ఇల్లంతా ఊరగాయ జాడీలా వాసన కొట్టేదట. అలా చేసిన తొలి అచ్చులు ఇంకా దాచుకున్నారు. బండగా, మందంగా ఉన్నాయి. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈరోజుకీ ఆ పద్ధతే చెబుతారు. ఖర్చు తక్కువ, పాడైనా బాధ లేదు.

ఇప్పుడు వాడేది రెండు పాళ్లుగా వచ్చే సిలికాన్. మూలరూపాన్ని ప్లాస్టిక్ డబ్బా అడుగున అంటించి, సిలికాన్‌ను ఓ మూలనుంచి, ఎత్తుగా పట్టుకుని దారంలా పోస్తారు. ధార సన్నగా సాగేకొద్దీ అందులోని గాలి బుడగలు చిట్లిపోతాయి. పొంగు మెల్లగా మూలరూపం మీదికి ఎక్కుతుంది. ఒకసారి పిల్లల బంకమట్టితో మూలరూపం చేస్తే సిలికాన్ దాని చుట్టూ జిగురుగానే ఉండిపోయిందట. ఆ మట్టి కొన్ని రకాల్లో గంధకం ఉంటుంది, ప్లాటినం రకం సిలికాన్‌కు గంధకం పడదు. ఇది తెలియక డబ్బులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఆరిన అచ్చులో రెసిన్ పోసేముందు నూనె రాయనక్కర్లేదు, సిలికాన్‌కు రెసిన్ అంటుకోదు. అయితే పోసేకొద్దీ అచ్చు లోపలి నునుపు తగ్గుతుంది, అంచులు చిరుగుతాయి. అప్పుడు మళ్లీ మూలరూపం తియ్యాల్సిందే.

ఇక రెసిన్. తలుపు హ్యాండిలు ఊడితే రెండు ట్యూబులు కలిపి రాస్తామే అరాల్డైట్, ఇదీ ఆ ఎపాక్సీ జాతిదే. స్విట్జర్లాండులో సీబా కంపెనీ 1946లో అరాల్డైట్‌ను బజారులోకి తెచ్చింది. ఆ ఎపాక్సీనే పలచగా, తేటగా చేసి పోతకు వాడుతున్నారు. ఒకటి రెసిన్, రెండోది హార్డెనర్. ఆవిడ వాడే రకానికి కొలత రెండుకు ఒకటి. అది బరువులోనా, గ్లాసు కొలతలోనా అన్నది డబ్బా చూసుకోవాలి, రెండూ ఒకటి కావు. ఆవిడ కంసాలి త్రాసు లాంటి డిజిటల్ త్రాసు మీదే తూస్తారు. కలపడం నిదానంగా. గరిటె గ్లాసు గోడలకు, అడుక్కి రాస్తూ తిప్పాలి. కలవని చుక్క మిగిలితే రాయిలో ఆ చోట ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది.

"మా ఊళ్లో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి గాలిలో తేమండి," అన్నారు. సముద్రం పక్కన ఊరు. ముసురు పట్టిన రోజున పోస్తే రాయి పైన మైనం పూసినట్టు తెల్లటి పొర తేలుతుంది. హార్డెనర్‌లోని అమీన్లు గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిస్తే వచ్చే పొర అది. అందుకే వానాకాలంలో గది తలుపులు మూసి, తేమ తగ్గాకే డబ్బా తెరుస్తారు. మండు వేసవిలో చిక్కు వేరు. కలిపిన గ్లాసు చేతిలోనే వేడెక్కి గడ్డకడుతుంది. అందుకని వేసవిలో ఎప్పుడూ కొంచెం కొంచెమే కలుపుతారు.

ఆ రోజు వాళ్లు ఫిరోజా చేస్తున్నారు. నేను కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాను.

అసలు ఫిరోజా రాగి, అల్యూమినియం కలిసిన ఫాస్ఫేటు ఖనిజం. నీలం రంగు రాగిది. ఇరాన్‌లో నిషాపూర్ గనులవి లోకమంతా పేరు పడ్డాయి. ఆ రాయి అందమంతా దాని మీది నల్లటి, గోధుమరంగు గీతల్లో ఉంది. అవి చుట్టూ ఉన్న బండ తాలూకు జాడలు. రంగు కలపడం తేలికే. ఆ గీతలు రప్పించడమే కష్టం. కుంచెతో గీస్తే గీసినట్టే కనపడతాయి.

ఆవిడ చేసిన ఉపాయం చూడండి. నీలానికి చిటికెడు ఆకుపచ్చ, కాస్త తెలుపు కలిపి, రెసిన్‌ను బల్లపరుపు అచ్చులో పలచటి రేకులా ముందే పోసి ఉంచారు. అది పూర్తిగా గట్టిపడింది. అక్క కూతురు దాన్ని కటింగ్‌ప్లేయర్‌తో పుటుక్కు పుటుక్కుమని విరిచింది. ఒక్క ముక్కా ఇంకోదానిలా లేదు. ఆ ముక్కల్ని మామిడి పిందె అచ్చులో ఒత్తుగా పేర్చింది. "అంత సరిగ్గా పేర్చకే, రాయి కింద గనిలో ఎవరు పేర్చారు?" అని ఆవిడ రెండు ముక్కల్ని వేలితో అడ్డదిడ్డం చేశారు. పైన ముదురు గోధుమరంగు కలిపిన రెసిన్ పోసి, పుల్లతో సందుల్లో గుచ్చుతూ గాలి పైకి తీశారు. అప్పటికి అది చూడటానికి బురదముద్దే.

నిన్న పోసిన దాన్ని అచ్చులోంచి తీసి, వాటర్‌పేపర్ మీద నీళ్లు చల్లి రుద్దారు. మొదట 400 నంబరు, తరువాత 800, 1200, చివర 2000. గోధుమరంగు పొర మాసిపోతూ ఒక చోట నీలం చుక్క కనిపించింది. అది పెద్దదైంది. పక్కన ఇంకొకటి. ముక్కల మధ్య సందులన్నీ సన్నటి గీతలై మిగిలాయి. ఎవరూ గీయని గీతలు. బట్టతో తుడిచి నా అరచేతిలో పెట్టారు. నేను చాలాసేపు మాట్లాడలేదు.

కెంపులు, పచ్చలు ఎందుకు చెయ్యరని అడిగాను. ప్రయత్నించి మానేశారట. అందులో ఆవిడ తప్పేం లేదు, అది కాంతి తీరు. రాయి కాంతిని ఎంత వంచితే అంత తళుకు. ఆ వంపును కొలిచే గుణకం వజ్రానికి 2.42, కెంపుకు 1.76 దాకా ఉంటే, ఎపాక్సీకి 1.5 పైచిలుకే. కోణాలు ఎంత పదునుగా తీర్చినా రెసిన్ కెంపు ఎర్రటి పంచదార బిళ్లలాగే ఉంటుంది. అడుగున వెండి రేకు వేస్తే కొంత నయం. కుందనపు పనివాళ్లు తరతరాలుగా చేసేది అదే. అయినా గాజు ముందు నిలవదు. అందుకే ఆవిడ పగడం, ఫిరోజా, బంగారు రజను చల్లిన లాజవర్దం, పచ్చటి చారల మాలకైట్ మాత్రమే చేస్తారు. కాంతి లోపలికి పోని రాళ్లు, గుండ్రంగా నునుపు తీర్చేవి. తన సరుకు దేనికి సరిపోతుందో, దేనికి సరిపోదో తెలిసిన పనిమంతురాలు ఆవిడ. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఈ రాళ్లకు ఒక పెద్ద సుగుణం తేలిక. కెంపు బరువు అంతే పరిమాణం నీటికి నాలుగింతలు, రెసిన్ నీటికంటే కాస్తే ఎక్కువ. ఇదే కృష్ణా జిల్లాలో కూచిపూడి కళాకారులు ఒకప్పుడు బూరుగు లాంటి తేలిక కర్రతో నగలు చేయించుకునేవారు. రాత్రంతా ఎగిరి ఆడేవాళ్లకు బరువు నగలు పనికిరావు కదా. ఆవిడ దగ్గర పెద్ద బుట్టలు కొనుక్కునేవాళ్లలో నాట్యం నేర్చుకునే పిల్లలున్నారంటే ఆశ్చర్యం లేదు.

చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటి. గట్టిపడిన రెసిన్ చర్మానికి హాని చెయ్యదు, గట్టిపడనిది చేస్తుంది. చేతికి మాటిమాటికీ అంటితే దురద, దద్దుర్లు మొదలవుతాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక జన్మలో ఆ పని చెయ్యలేరు. ఆవిడతోపాటు మొదలుపెట్టిన స్నేహితురాలు అలాగే మానుకుంది. అందుకే ఇక్కడ నైట్రైల్ తొడుగులు లేకుండా ఎవరూ డబ్బా ముట్టరు. అంటితే సబ్బునీళ్లతో కడుగుతారు. థిన్నరుతో తుడిస్తే అది రెసిన్‌ను చర్మంలోకి ఇంకా దింపుతుంది. రుద్దడం ఎప్పుడూ తడి మీదే, పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఇంట్లో రెసిన్ పని నేర్పుతామని ప్రకటనలిచ్చేవాళ్లు రంగుల గురించి చెప్పినంత దీని గురించి చెప్పరు. అది నాకు కోపం తెప్పించే విషయం.

ఆ మధ్య ఒక పెద్ద కొట్టువాళ్లు మంచి ఆర్డరుతో వచ్చారట. చీటీ మీద "రెసిన్" అని ఉండకూడదు, "ఫిరోజా" అని మాత్రమే ఉండాలన్నది షరతు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ నెల ఇల్లు గడవడం కష్టమైందని అక్క కూతురు చెప్పింది, ఆవిడ చెప్పలేదు. నిజానికి అసలు రాళ్ల బజారులోనూ రెసిన్ ఉంది. మెత్తటి ఫిరోజాను గట్టిపరచడానికి రెసిన్ పట్టిస్తారు, పచ్చల్లోని పగుళ్లను నూనెతోనో రెసిన్‌తోనో నింపుతారు. చెప్పి అమ్మితే అందులో తప్పులేదు. చెప్పకుండా అమ్మితే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కూడా తప్పే. హైదరాబాదు లాడ్‌బజారు గాజులు లక్కతో చేస్తారు. లక్క కూడా పురుగులు ఇచ్చే ఒక రకం రెసినే. దాన్ని ఎవరూ దాచరు, లక్క గాజులనే అడిగి కొంటారు. ఈ రాళ్లకూ ఆ గౌరవం రావాలి.

ఆవిడ ఇచ్చే ప్రతి జత వెనక చిన్న చీటీ ఉంటుంది: చేత్తో పోసిన రెసిన్ రాయి, ఎండలో ఉంచకండి, సెంటు తగలనివ్వకండి. ఎండ తగిలితే రెసిన్ ఏళ్ల మీద పసుపురంగుకు తిరుగుతుంది, అందుకే ఆ జాగ్రత్త.

బజారులో ఇలాంటి రాయి కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూడండి. అసలు రాయి చల్లగా, బరువుగా తగులుతుంది, రెసిన్ వెంటనే వెచ్చబడుతుంది. అమ్మేవాళ్లను ఇది దేనితో చేశారని అడగండి. రెసిన్ అని నిజం చెప్పినవాళ్ల దగ్గర బేరమాడకుండా కొనండి. మీరే ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే, రంగుల డబ్బాలకంటే ముందు చేతి తొడుగులు కొనుక్కోండి.