నల్లరేగడి దారిలో నాలుగు చక్రాలు

ఆదోని అనగానే పత్తి గుర్తుకొస్తుంది మీకందరికీ. నిజమే! సీజను వచ్చిందంటే మార్కెట్ యార్డుకు వెళ్ళే దారి పొడవునా బండ్లే. రోడ్డు పక్కనున్న ముళ్ళకంపలకు కూడా దూది అంటుకుని తెల్లగా కనబడుతుంది. ఊరిని ఆనుకుని బండరాళ్ళ కొండలు, వాటిమీద పాత కోట, రణమండల ఆంజనేయస్వామి గుడి. ఊళ్ళో 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, మహాయోగి లక్ష్మమ్మవ్వ గుడి. చూడవలసినవే అన్నీ.

ఇక్కడినుంచి సుమారు ముప్ఫై కిలోమీటర్లు వెళితే ఎమ్మిగనూరు. అది మగ్గాల ఊరు. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టి ఎన్నో ఇళ్ళకు కూడు పెట్టారు. పద్మశ్రీ కూడా అందుకున్నారాయన. సంక్రాంతి రోజుల్లో నీలకంఠేశ్వరస్వామి జాతర, ఆ వెంటనే ఎద్దుల సంత. పొద్దున దిగితే ఉగ్గాని, బజ్జీ తినకుండా ఎవరూ రారు!

ఈ రెండు ఊళ్ళ మధ్య తారు రోడ్డు దిగితే నల్లరేగడి. ఎండాకాలం కాలు దిగబడేంత బీటలు. వాన పడితే మట్టి సైకిలు చక్రానికి చుట్టుకుని తిరగనివ్వదు. చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిందే. మావాడి కోరికకు ఇదే సాకు అయింది.

మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. అక్కడ ఊరి బయట ఒక రిసార్టులో నాలుగు లావు చక్రాల బండి నడిపి వచ్చాడు. క్వాడ్ బైక్ అంటారట. మోటారు సైకిలులాగే హ్యాండిలు, సీటు. "అమ్మా, వానాకాలం మన చేలోకి ఇదొక్కటే పోతుంది. సెకండ్ హ్యాండ్‌లో స్పోర్టు రకం ఒకటి ఉంది, తీసుకుందాం" అన్నాడు. కొత్తదైతే లక్షల్లో మాట. పాతదానికైనా ఆ ఏటి పత్తి డబ్బులో సగం పోతుంది.

అదే డబ్బు మీద మా ఆడబిడ్డకు కూడా ఒక ఆశ ఉంది. పాపం, నోరు తెరిచి అడగలేదు. ఆమెకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ఎమ్మిగనూరులో జాకెట్లు కుట్టుకుని తన బతుకు తాను బతుకుతోంది. లైనింగు గుడ్డ, ఫాల్సు కొనాలంటే ఆదోని బస్సెక్కాలి. ఆ మెట్టు ఎక్కడానికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. స్కూటరుకు వెనక రెండువైపులా అదనపు చక్రాలు బిగిస్తారు, చూసే ఉంటారు. అదీ నాలుగు చక్రాల బండే!

మావారు తొందరపడే మనిషి కాదు. మెకానిక్కునీ, రవాణా ఆఫీసులో తెలిసినవారినీ కనుక్కొచ్చారు. ఆ సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

స్పోర్టు క్వాడ్ పందేలకూ సరదాకూ చేసిన బండి. సుజుకీ కంపెనీ 1985 ప్రాంతంలో ఇలాంటివి మొదలుపెట్టింది. ఒక్కరే కూర్చోవాలి. ఎరువు బస్తా పెట్టడానికి క్యారియరు ఉండదు. బరువు మోయడానికి వేరే రకం ఉంది. చాలావాటికి వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి. మట్టిలో అది మంచిదే. తారు రోడ్డు మీద మలుపు తిప్పితే మాత్రం మొరాయిస్తుంది, వేగంలో తిరగబడుతుంది కూడా. అన్నిటికన్నా ముఖ్యం, మన దేశంలో ఇలాంటి సరదా బండ్లకు రోడ్డు రిజిస్ట్రేషను ఇవ్వరు. అంటే ఆదోని నుంచి చేనుదాకా దాన్ని ఇంకో బండిమీద ఎక్కించుకుని పోవాలి! ట్రాక్టరు కింద రిజిస్టరయ్యే రకం పొలారిస్ అనే అమెరికా కంపెనీ మన దేశంలో అమ్మింది. మావాడు చూసినది అది కాదు. పెద్దల బండి పదహారేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదని తయారుచేసినవాళ్ళే చెబుతారు. పల్లెలో బండి నిలబడితే పిల్లలు ఎక్కకుండా ఆపగలమా చెప్పండి?

అన్నీ విని మావాడు కాసేపు మూతి ముడుచుకున్నాడు. రాత్రి భోజనాల దగ్గర వాడే అన్నాడు, "అత్తకు స్కూటరు తీసుకుందాం నాన్నా. నేనూ కొంత వేస్తాను" అని. మా ఆడబిడ్డకు ఫోను చేస్తే, "నాకెందుకు వదినా ఇంత ఖర్చు?" అంటూనే ఏడ్చేసింది.

మీ ఇంట్లో ఇలాంటి బండి అవసరముంటే కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. చక్రాలు బిగించక ముందే రవాణా ఆఫీసులో అనుమతి అడగండి. మార్పు ఆర్.సి.లో ఎక్కించుకోండి, ఇన్సూరెన్సువాళ్ళకూ చెప్పండి. అలాంటి బండికి తగిన లైసెన్సు తీసుకోవాలి, వైకల్యం సర్టిఫికెట్టు దగ్గర పెట్టుకోండి. ఈ బండి మామూలు స్కూటరులాగా పక్కకు వాలదు కాబట్టి మలుపులో బాగా నెమ్మదించాలి. పక్క చక్రాల గాలి వారానికోసారి చూసుకోవాలి. చీర కుచ్చెళ్ళు, పైట చక్రాల్లో పడకుండా దోపుకోవాలి. హెల్మెట్ సంగతి చెప్పనక్కర్లేదు.

నెల రోజులు ఊరి మైదానంలో నేర్చుకుంది మా ఆడబిడ్డ. తర్వాత ఒక ఆదివారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బయలుదేరింది. బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో ఆ దారి! అయినా కోటేకల్ దగ్గర కొండలు అంత దగ్గరగా, అంత ఎర్రగా ఉంటాయని ఆరోజే తెలిసింది. చేలల్లో ఆడవాళ్ళు పత్తి ఏరడం ఆపి చెయ్యి ఊపారు. లారీ వస్తే ఆమె పక్కకు తీసి ఆపేది, పోయాక కదిలేది. గంటన్నర పట్టింది. బట్టల అంగడిముందు బండి నిలిపి, కర్ర తీసుకుని, నా చెయ్యి పట్టుకోకుండానే దిగింది.

ఇప్పుడు లైనింగు గుడ్డ తనే బేరమాడి తెచ్చుకుంటోంది. మునుపు పక్కింటివాళ్ళు తెచ్చినదే రంగు, చెప్పినదే ధర!