బంకులో ఇల్లు

తెలుగునాట చక్రాల ఇల్లు అనగానే గుర్తొచ్చేది చైతన్యరథం. 1982లో ఎన్.టి.రామారావు పాత షెవర్లే వ్యానుని మార్పించుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. నిద్ర అందులోనే, స్నానం రోడ్డు పక్కనే. ఆ స్నానం గురించి జనం ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. 1983లో ఆయన గుడివాడ నుంచి గెలిచారు. ఆరుబయట స్నానం చేసిన మగవాడు ప్రజల మనిషి అవుతాడు. ఆడమనిషి ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమ స్త్రీల జ్ఞాపకాలను రికార్డు చేయడానికి మేం నలుగురం క్యారవాన్ అద్దెకి తీసుకున్నాం. కారణం ఒకటే. అందులో తలుపేసుకోగల మరుగుదొడ్డి ఉంది. గుడివాడ నుంచి మచిలీపట్నం, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా నడిపింది నేనే.

అంత పొడుగు బండిని పెట్రోలు బంకులో తిప్పడానికి లెక్క కావాలి. డీజిలు మూత ఎటుందో ముందే చూసుకోవాలి. బంకు పైకప్పు మన ఏసీ పెట్టెకి తగలకూడదు. స్టీరింగు ఒకవైపు తిప్పితే బండి తోక రెండోవైపుకి ఊగి పంపు దిమ్మెని కొడుతుంది. అందుకని లారీల వరసలోకి తిన్నగా వెళ్ళి తిన్నగా బయటికి రావాలి. ఇదంతా నేర్చుకుంటే వచ్చే విద్యే. గుడివాడ బంకులో మాత్రం నలుగురు మగవాళ్ళు చుట్టూ చేరారు. "అమ్మా, మీరు దిగండి, మావాడు తిప్పి పెడతాడు" అన్నాడొక పెద్దాయన. దిగలేదు. బండి సరిగ్గా పంపు పక్కన ఆగాక, "ఎవరిదమ్మా బండి?" అని అడిగాడు.

డీజిలు కొడుతున్న అమ్మాయి మాత్రం వేరే ప్రశ్న వేసింది. "అక్కా, లోపల బాత్రూం ఉందా? ఒక్కసారి వెళ్ళొచ్చా?" బంకులో మరుగుదొడ్డి ఉండాలన్నది నిబంధన. ఉంది కూడా. తాళం మేనేజరు జేబులో, మేనేజరు ఊళ్ళో. పొద్దుటి నుంచీ ఆపుకుంటోంది.

దివిసీమలో ఒక ముసలామె ఉప్పెన తర్వాతి శిబిరం గురించి చెబుతూ, "తిండి పెట్టారమ్మా, చాటే లేదు. చీకటి పడేదాకా ఆగేవాళ్ళం" అంది. ఆ మాట రికార్డు చేసుకుంటుంటే నాకు బంకులో అమ్మాయే కనిపించింది.

స్త్రీలు బయటికి రావడం గురించి మనం చాలా రాశాం. వచ్చాక ఎన్ని గంటలు ఆపుకోవాలో తక్కువ రాశాం. అందరం తలా ఒక ఇల్లు వెంటేసుకుని తిరగలేం. ఆ తాళం తీయించాలి.