ముందే తెలుసా?

పోయిన వర్షాకాలంలో నా చేత జరిగిన ఒక తప్పును గూర్చి ఈ నెల వ్రాయదలచాను. మా సంఘములో ముందే ఒప్పుకున్నాను గనుక అక్కడి వారికి ఇది కొత్త సంగతి కాదు. అయితే ఇంట్లో వాడని వస్తువుల ఫోటోలు ఫోనులో పెట్టి అమ్ముకునే అలవాటు ఇప్పుడు మన విశ్వాసుల కుటుంబాలలో కూడా బాగా వచ్చింది. అందుచేత వ్రాస్తున్నాను.

నాకు పక్షుల ఫోటోలు తీయడం సరదా. సోమవారం పరిచర్య పని లేకపోతే కైకలూరు దగ్గర ఆటపాక చెరువు గట్టున కూర్చునేవాడిని. చెట్ల మీద గూళ్ళు కట్టుకున్న గూడబాతులను చూస్తుంటే పూట తెలిసేది కాదు. నా కెమెరా నికాన్ డి90, 2008లో వచ్చిన రకం. దానికి దూరపు ఫోటోలు తీసే లెన్సు ఒకటి వుండేది. రెండూ సెకండ్ హ్యాండులో కొన్నవే.

మాది కొల్లేటి గాలి తగిలే ఊరు. వానాకాలమంతా లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచాను. అంతకంటె తెలివితక్కువ పని లేదట. తోలు తేమను పట్టి వుంచుతుంది, చీకటిలో గాలి ఆడదు, అద్దాల నడుమ బూజు మొలుస్తుంది. విజయవాడలో రిపేరు చేసే ఆయన చిన్న టార్చి వేసి చూపించాడు. సాలెగూడు వలె సన్నని తీగలు. "శుభ్రం చేయడానికి 2,500 అవుతుందండీ. బూజు అద్దం మీది పూతను తినేసి వుంటే మరక పోదు, నేను హామీ ఇవ్వలేను" అన్నాడు. నేను ఇంటికి తెచ్చి మళ్ళీ బీరువాలోనే పెట్టాను.

తరువాతి ఏడు అమ్మాయి కాలేజీ ఫీజు వచ్చింది. కెమెరాకు 8,000, లెన్సుకు 6,000 అని ప్రకటన పెట్టాను. "మంచి కండిషన్, తక్కువ వాడినది" అని వ్రాశాను. తక్కువ వాడినదన్న మాటే అబద్ధం. షట్టరు ఎన్నిసార్లు పడిందో ఆ కెమెరా ప్రతి ఫోటోలోనూ నమోదు చేస్తుంది. నాది 60,000 దాటింది. ఆ రకాన్ని కంపెనీ వారు పరీక్షించినది 1,00,000 సార్లకు. అనగా సగానికి పైగా ఆయుష్షు నా దగ్గరే అయిపోయింది. ఇక లెన్సును పగటి వెలుతురులో, ముందు నుండి, నల్లగుడ్డ మీద పెట్టి ఫోటో తీశాను. అలా తీస్తే బూజు కనబడదు. తెలిసే అలా తీశారా అని మీరడిగితే, తెలిసే తీశాను.

భీమవరం నుండి ఒక యువకుడు బస్సులో వచ్చాడు. శుభకార్యాలకు ఫోటోలు తీయడం అప్పుడే మొదలుపెట్టాడు. రెండు ఫోటోలు తీసి చూసుకున్నాడు. లెన్సును వెలుతురుకు పెట్టి చూడబోయి, గోడ మీది వాక్యము చూచి, "మీ దగ్గర కొంటున్నాను గదా అయ్యగారూ" అని సంచిలో పెట్టేసుకున్నాడు. నేను టీ ఇప్పించాను.

పదిహేను రోజులకు, శనివారం రాత్రి, ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. టార్చి వెలుతురులో నా లెన్సు. కింద ఒకటే మాట: "ఇది మీకు ముందే తెలుసా సార్?" అప్పటి వరకు నన్ను అయ్యగారూ అని పిలిచినవాడు.

"వానలకు ఇప్పుడు పట్టి వుంటుంది తమ్ముడూ" అని జవాబిచ్చాను. ప్రియులారా, దాచడం ఒక పాపమైతే ఇది రెండవది. మరునాడు బల్ల దగ్గర రొట్టె విరిచిన చేతులు ఇవే.

మా సంఘపెద్దలలో ఒక వకీలు గారున్నారు. ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఊరకే మౌనంగా వుండడం సాధారణంగా మోసం కాదనీ, తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపుచ్చితే మాత్రం మోసమేననీ ఆయన చెప్పారు. మొదటి సగం పట్టుకుని ఇంటికి వచ్చాను. నల్లగుడ్డ గుర్తుకు వచ్చింది.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దును గూర్చిన విధి వున్నది. ఎద్దు ఒక మనుష్యుని పొడిచి చంపితే యజమానుడు నిర్దోషి. అది పొడుస్తుందని అతనికి ముందే తెలియజేసినా కట్టి వుంచకపోతే నేరము అతని మీదికి వచ్చును. ఎద్దు అదే, కొమ్ములు అవే. తెలిసివుండుటలోనే తేడా అంతా వున్నది. ఎన్నిసార్లో చదివిన భాగము. కొనేవాడు చూసుకోవాలి గదా అనే లోకపు మాట దాని ముందు నిలబడలేదు. విజయవాడ ఆయన టార్చి వేసిన రోజే నాకు తెలియజేయబడింది.

సోమవారం ఫోను చేసి ఒప్పుకున్నాను. అతను చాలా సేపు మాట్లాడలేదు. తరువాత, ఒక బారసాల ఫోటోలు మసకగా వచ్చి వారు డబ్బు సగమే ఇచ్చారని చెప్పాడు. మా గృహిణికి చెప్పగా, "బూజు సంగతి నాకూ చెప్పలేదు గదండీ" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

లేవీయకాండము 6వ అధ్యాయములో పొరుగువాని మోసపుచ్చినవాడు మూలధనముతో బాటు అయిదవ వంతు కలిపి ఇవ్వవలెనని వున్నది. లెన్సుకు 6,000, దాని మీద 1,200. ఫీజు కట్టేశాను గనుక రెండు విడతలుగా భీమవరం తీసుకువెళ్ళి ఇచ్చాను. షట్టరు లెక్క కూడా చెప్పి, కెమెరా వద్దంటే తీసుకుంటానన్నాను. కెమెరా వుంచుకుంటానన్నాడు. డబ్బు లెక్కపెట్టుకుని, లెన్సు నా చేతిలో పెట్టి, "వుంటానండీ" అన్నాడు. క్షమించానని అనలేదు. అనమని నేను అడగలేదు.

లెన్సు ఇప్పుడు మూత బిగుతైన ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో వున్నది. మళ్ళీ ప్రకటన పెట్టాను. మొదటి ఫోటో టార్చి వేసి తీసినదే. "లోపల బూజు వుంది, ఎండకు ఎదురుగా తీస్తే ఫోటో మసక వస్తుంది, శుభ్రం చేసినా పోతుందని హామీ లేదు, వచ్చి చూసుకోండి, 1,500" అని వ్రాశాను. నెల అయింది. ఇంకా ఎవరూ ఫోను చేయలేదు.