ఓడలో దాగిన బిగువు

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళినవారెవరైనా ఎర్రవంతెన చూసి వస్తారు. మా మేనల్లుడు మాత్రం నన్ను ఒక పాత సరుకు ఓడ ఎక్కించాడు. దాని పేరు జెరిమయా ఓబ్రయన్. పొడవు 441 అడుగులు. 1943 జూన్‌లో మెయిన్ రాష్ట్రంలో నీటిలోకి దిగి, మరుసటి ఏడు నార్మండీ దండయాత్రకు సరుకులు మోసింది. యుద్ధకాలంలో ఇటువంటి లిబర్టీ ఓడలను 2,710 కట్టారట!

“తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ ఇనుములో ఏముంటుందిరా?” అన్నాను.

“చాలా ఉంది మామయ్యా” అన్నాడు. వాడు ఉక్కు ఇంజనీరు.

1943 జనవరి 16న ఒరెగాన్‌లోని పోర్ట్‌లండ్ రేవులో షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ కట్టివేసి ఉన్నది. తుపాను లేదు, శత్రువు లేడు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో డెక్కూ, రెండు పక్కలూ చీలి, ఓడ నడుమ విరిగింది. అడుగు రేకులు మాత్రమే పట్టి నిలిపాయి. లిబర్టీ ఓడలు కూడా కొన్ని ఇలాగే రెండు ముక్కలయ్యాయి.

ఉక్కు గాజు కాదు గదా, సాగాలి గదా అన్నాను.

మా ఊళ్ళో బండిచక్రానికి ఇనుప పట్టా వేయడం మీరూ చూసే ఉంటారు. ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోస్తారు. అది కుంచించుకుపోబోతుంది, కొయ్య పోనివ్వదు. బండిమీద గింజ లేకపోయినా పట్టాలో లాగుడు ఉండనే ఉంటుంది. వెల్డింగు అతుకూ అంతే. కరిగినది చల్లారుతూ ముడుచుకోబోతే చుట్టూ ఉన్న చల్లని రేకు అడ్డుపడుతుంది. ఓడ నీటిలో దిగకముందే అతుకు పొడవునా ఆ బిగువు నిలిచిపోతుంది.

అయితే సాగే ఉక్కుకు ఒక గుణం ఉన్నది. బిగువు మితిమీరిన చోట కొంచెం సాగి, దాన్ని సడలించుకుంటుంది. సాగిన చోట గట్టిపడి, మిగిలిన సాగుడు పక్కవాటికి అప్పగిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో భారం పంచుకున్నట్టే! కాని ఈ గట్టిపడడం ఊరికే రాదు. తీగను ఒకే చోట వంచి, మళ్ళీ వంచి చూడండి. మొదట మెత్తగా వంగుతుంది, తరువాత మొరాయిస్తుంది, ఆఖరికి పుటుక్కుమంటుంది. సాగే శక్తి అక్కడ ముందే ఖర్చయిపోయిందన్నమాట.

ఇక చలి. ఆ కాలపు ఉక్కు చలిలో సాగడం మానేసేది. సాగలేనప్పుడు దాగిన బిగువు సడలదు. అలల భారంతో చేతులు కలుపుతుంది. సరుకు దించే దోవల చదరపు మూలలో చిన్న నెర్రె పుడితే చాలు. రివెట్ల ఓడలో నెర్రె రేకు అంచున ఆగే అవకాశం ఉన్నది. అంతా ఒకే ముక్కగా అతికిన ఓడలో దానికి అడ్డేదీ?

షెనెక్టడీ విషయంలో మొదట నింద పడింది వెల్డింగు మీద. ఆ పనివారిలో ఆడవారు ఎందరో ఉండేవారు. లోపమున్న అతుకులూ లేకపోలేదు. కాని అసలు దోషం చలికి పెళుసెక్కే ఉక్కుదని కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే విదుషి తేల్చింది. ఆ నింద మోసినవారందరికీ ఈ మాట చేరిందా అని నాకు అనుమానం. ఓడలకు మాత్రం మూలలు గుండ్రం చేశారు, నెర్రెలు ఆగేందుకు రివెట్ల పట్టీలు వేశారు.

సముద్రం మీదినుంచి మంచు కమ్ముకొస్తున్నది. వంగి డెక్కుమీద అరచెయ్యి పెట్టి చూశాను.

“చలేస్తోందా మామయ్యా? దిగుదామా?” అన్నాడు మేనల్లుడు.

“కాసేపు ఉందాం లేరా” అన్నాను.