పది పౌన్ల పూరిల్లు

ఇంగ్లండు దక్షిణతీరానికి చేరువలో, కక్‌మియర్ నది ఒడ్డున ఆల్‌ఫ్రిస్టన్ అనే చిన్న గ్రామమున్నది. అక్కడ చర్చి ప్రక్కనే నిలిచిన 14వ శతాబ్దపు గడ్డికప్పు ఇంటిని చూడ వెళ్ళాము. ఒకప్పుడు మతాచార్యుల నివాసం కావడంతో దానికి ‘క్లెర్జీ హౌస్’ అన్న పేరు స్థిరపడింది.

ఓక్ దూలాలతో చట్రం నిలిపి, నడుమ తడికలల్లి, మట్టి మెత్తి గోడలు కట్టారు. మధ్యనున్న చావడికి అటక లేదు. తలయెత్తితే చూపు నేరుగా కప్పువాసాలను తాకుతుంది. పూర్వం నేల నడుమనే నిప్పు రాజేసేవారు. పొగ ఆ ఎత్తుకు లేచి కప్పులోంచి దారి వెతుక్కునేది. అన్నిటికంటె మమ్ము ఆకట్టుకున్నది నేల. సుద్దరాతిని దిమ్మిసతో అణచి, పులిసిన పాలతో గట్టిపరచారట!

19వ శతాబ్ది చివరికి ఈ ఇల్లు శిథిలమై కూల్చివేత అంచున నిలిచింది. కోటా కాదు, రాజప్రాసాదమూ కాదు, కూలితే ఏడ్చేవారెవరు? ఆ ఊరి మతాచార్యుడు బేనన్ మాత్రం ఊరుకోక సాయమర్థించాడు. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు మరుసటి ఏడే దీనిని 10 పౌన్లకు కొన్నది. ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడమిదే. మరమ్మతులకు మాత్రం అంతకు ఎన్నో రెట్లు కావలసివచ్చింది.

చావడిలో దూలం మూలన చెక్కిన ఓక్ ఆకు నేటికీ ఉన్నది. ట్రస్టు చిహ్నమైన ఓక్ ఆకుకు అదే స్ఫూర్తి కావచ్చునంటారు.