రెండు పెట్టెలు, ఒక డోలక్కు

గత వేసవిలో నేను కంటి పరీక్ష నిమిత్తము హైదరాబాదు వెళ్లి, నా మేనల్లుని యింట నాలుగు దినములు ఉంటిని. అతడు సంఘములవారి పాటలను రికార్డు చేయు పనివాడు. ఒక సాయంకాలము అతడు నన్ను తన గదిలోనికి పిలిచి, బల్లమీద రెండు పెట్టెలు పెట్టి, "మామయ్యా, కళ్లు మూసుకొని వినండి. ఈ రెంటిలో ఏది బాగున్నదో చెప్పండి" అనెను.

అవి డ్రమ్ము యంత్రములు. తోలు లేదు, కర్ర లేదు, కొట్టువాడు లేడు. అయినను తాళము పడుచుండును. ఒకటి పాటల పుస్తకమంత చిన్నది. అది రోలాండ్ కంపెనీవారు 2017లో తెచ్చిన టిఆర్-08. రెండవది హార్మోనియమంత వెడల్పు గలది. అది బెరింగర్ కంపెనీవారు 2019లో తెచ్చిన ఆర్‌డి-8. రెంటిమీదను ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు రంగుల మీటలు పదునారు వరుసగా నున్నవి. ఇంత పోలిక ఎందుకనగా, ఈ రెండును ఒక్క పాత యంత్రమునకు ప్రతిరూపములు. అది రోలాండ్ వారే 1980లో చేసిన టిఆర్-808.

ఆ పాత యంత్రము కథ వినదగినది. రోలాండ్ కంపెనీని 1972లో స్థాపించిన ఇకుతారో కాకెహాషి జపాను దేశస్థుడు. రెండేండ్ల ప్రాయములోనే తల్లిదండ్రులు క్షయవ్యాధిచే మరణింపగా అనాథయైనవాడు. గడియారములు బాగుచేసి బ్రదికినవాడు. తానును క్షయతో ఆస్పత్రి మంచమెక్కి, అప్పటికి క్రొత్తదైన స్ట్రెప్టోమైసిన్ మందువలన లేచినవాడు. ఆయన కంపెనీవారి 808 బయటికి వచ్చినప్పుడు అనేకులు పెదవి విరిచిరి. అదే సంవత్సరము అమెరికాలో రోజర్ లిన్ అనునాయన నిజమైన డ్రమ్ముల శబ్దమునే పట్టి లోపల నిలువచేసిన యంత్రము తెచ్చెను. దాని వెల సుమారు 5,000 డాలర్లు. 808 వెల సుమారు 1,200. చవుకైనను, ఇది డ్రమ్మువలె లేదని జనులు దానిని త్రోసివేసిరి. 1983లో దాని తయారీ ఆగిపోయెను. సుమారు 12,000 మాత్రమే అమ్ముడైనవి. తరువాత పాత సామానుల అంగళ్లలో చవుకగా దొరికిన వాటిని డబ్బులేని పడుచువాండ్రు కొనిపోయి వాయించిరి. ఇప్పుడు ఆ పాత యంత్రమొకటి కొనవలెనన్న వేల డాలర్లు కావలెను.

అది ఎందుకు ఆగిపోయెనో నా మేనల్లుడు చెప్పినప్పుడు నేను కుర్చీలో ముందుకు జరిగితిని. దాని శబ్దములోని ఒక విధమైన బుసకు కారణము ట్రాన్సిస్టర్లు. పూర్వము మన రేడియోలలో నుండినవే. అయితే కాకెహాషి కావలెనని కొన్నవి మంచివి కావు, లోపమున్నవి. అవే ఆ ధ్వనినిచ్చెను. కొంతకాలమునకు కర్మాగారములు బాగుపడి, లోపమున్న ముక్కలు రాకుండ పోయెను. అవి లేనందున యంత్రమును నిలిచిపోయెను.

"మరి ఈ రెంటిలో ఏది అసలుకు దగ్గర?" అని అడిగితిని.

అతడు విప్పి చెప్పెను. పాత యంత్రములో పెద్ద డ్రమ్ము శబ్దమునకు ఒక విద్యుత్ వలయమున్నది. దానికి చిన్న దెబ్బవంటి విద్యుత్తు తగిలిన, అది గంటవలె మ్రోగి, మెల్లగా అణగిపోవును. ఆర్‌డి-8లో అట్టి వలయములనే తిరిగి కట్టిరి. టిఆర్-08లో వలయము లేదు. ఆ పాత వలయము క్షణక్షణమునకు ఎట్లు నడచునో ఒక కంప్యూటరు చిప్పు లెక్కకట్టి, ఆ లెక్కను శబ్దముగా మార్చును. నా చెవికి మొదటిది కొంచెము బరువుగాను, రెండవది కొంచెము నున్నగాను వినబడెను. చిన్నది నాలుగు బ్యాటరీలతోనే నడచును గనుక కరెంటు పోవు మన పల్లెలకు అదే మేలని మనసులో అనుకొంటిని.

సెమినరీలో మా గురువుగారు చేతివ్రాత ప్రతులను పోల్చుట నేర్పిరి. మూలప్రతి మన చేతిలో లేనప్పుడు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. కనుక అదే అడిగితిని: "అసలుది ఒకటి తెచ్చి ప్రక్కన పెట్టిన తేలిపోవును గదా?"

అతడు నవ్వి, "తేలదు మామయ్యా. పాతవి రెండు తెచ్చి పెడితే అవి రెండూ ఒక్కలాగే మ్రోగవు. లోపలి ముక్కలు కొంచెం కొంచెం తేడా. వయసుకు, వేడికి కూడా మారిపోతాయి. ఏ 808కి దగ్గర అని అడగాలి" అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట నన్ను మా మందిరములోని కడవరి బెంచీ యొద్దకు తీసికొనిపోయెను.

పదునెనిమిదేండ్ల క్రిందట మా సంఘము కీబోర్డును, తాళము వేయు ప్యాడును కొనెను. అంతవరకు డోలక్కు వాయించినది ఒక పెద్దాయన, వ్యవసాయ కూలి. నేను ఆ సంఘమునకు రాకముందునుండియు ఆయనే. వానకాలములో తోలు సడలిన ఎండలో పెట్టి, తాళ్లు బిగించి తెచ్చెడివాడు. పాట చివరికి వచ్చునప్పటికి ఆయన చెయ్యి పరుగెత్తెడిది. పడుచువారు అది తాళము తప్పుట అనిరి. నేను వారిని నమ్మి, "పెద్దయ్యా, ఇక మీరు విశ్రాంతి తీసికొనండి" అని చెప్పితిని. ఆయన ఒక్క మాట అనలేదు. ఆనాటినుండి తలుపు ప్రక్క బెంచీమీద కూర్చుండి, మోకాళ్లమీద వ్రేళ్లతో వాయించుకొనుచుండెను. ఆ వ్రేళ్లను నేను ప్రతి ఆదివారము వేదికమీదనుండి చూచుచునే యుంటిని.

తిరిగి వచ్చిన మరుసటి దినము ఆయన యింటికి వెళ్లితిని. డోలక్కు దూలమునకు వ్రేలాడుచుండెను. ఒక ప్రక్క తోలు చినిగియున్నది. నేను చేసినది తప్పని చెప్పితిని. ఆయన చాలసేపు ఊరకుండి, "చెయ్యి వణుకుతా ఉందయ్యగారూ" అని మాత్రము అనెను.

తోలు వేయించితిమి. దసరా సెలవులకు మేనల్లుడు వచ్చి, "తాతా, నీ దెబ్బలు పట్టి యంత్రంలో పెడతాను, ఎప్పటికీ ఉంటాయి" అనెను. పెద్దాయన డోలక్కును ఒకసారి తట్టి, మరియొకసారి తట్టి, "ఏ దెబ్బ పట్టుకుంటావు బాబూ? ఇదొకటి, అదొకటి గదా" అనెను. మేనల్లుడు నా వైపు చూచెను.

ఆ ఆదివారము ఆయన ఒక్క పాటకు వాయించెను. చివరి చరణమున చెయ్యి వణికెను, పరుగెత్తెను. సంఘమంతయు ఆయనతో పరుగెత్తెను. ముసలి స్త్రీలు కొందరు కన్నులు తుడుచుకొనిరి. ఆ పరుగు ఎక్కడనుండి వచ్చునో వారికి తెలియును.

సహోదరులారా, యంత్రములను బయట పడవేయుడని నేను చెప్పుటలేదు. మా ప్యాడు నేటికిని మ్రోగుచున్నది. వాయించు కుర్రవాడు మంచివాడు. అయితే పోయిన ధ్వనిని తిరిగి తెచ్చుటకు ఎంత ధనము, ఎంత నేర్పు కావలెనో ఆ రెండు పెట్టెల యెదుట చూచితిని. పోగొట్టుటకు నాకు ఒక్క మాట చాలెను. వచ్చే ఆదివారము పాట సాగుచుండగా, మీ మందిరములో కడవరి బెంచీవైపు ఒకసారి తిరిగి చూడుడి. ఎవరి వ్రేళ్లయినను మోకాళ్లమీద కదలుచున్నవేమో.