చెరువు మాట

మా ఖానాపురం హవేలి పంచాయతీగా ఉన్న రోజులలో చెరువు సంగతి గ్రామసభలో ప్రస్తావించవచ్చు. తూము ఎప్పుడు తీయాలో, మత్తడి నీరు ఏ దారిన పోవాలో ఎవరైనా లేచి అడగవచ్చు. ఖమ్మం నగరంలో కలిశాము. ఆ సభ పోయింది.

2022లో లకారం చెరువుపై తీగల వంతెన వెలిసింది. దాని దీపకాంతి మనోహరమే, కాదనను. కాని మిత్రులారా, 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఇండ్లలోకి వచ్చినప్పుడు తెలిసింది, నీటి దారిని గురించి ముందుగా ఒడ్డువాసులనే అడగాలని.

2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలను నిర్దేశించింది. వానిలో వయోవృద్ధులది ఒకటి. సభ్యులు 15 మంది. నా ఎరుకలో మా వీధికి పిలుపు రాలేదు. గట్టుమీది శిలాఫలకం చదివియే పని సంగతి తెలుసుకుంటున్నాను.

ప్రశ్నించనివ్వని తరగతిలో పాఠం నిలవదని బడిలో గ్రహించాను. చెరువుగట్టుకూ అదే న్యాయం.